పాత కారు చక్రానికి బేరింగు: పేరుతో కాదు, నంబరుతో వెతకండి

పాత కారును ఇంటి జ్ఞాపకంగా కాపాడుకొనేవారికి ఇంజను కన్నా ముందు దిగులు కలిగించవలసినది చక్రపు బేరింగు. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది, అంతే. బేరింగు పగిలితే పరుగులో ఉన్న చక్రమే ఊడిపోవచ్చు. అయినా విడిభాగాల దుకాణంలో కారు పేరు చెప్పగానే "ఆ బండి ఎప్పుడో ఆగిపోయింది, సామాను రాదు" అనే జవాబు వస్తుంది. లేదా విదేశం నుంచి తెప్పించాలంటూ భరించలేని ధర చెబుతారు. బీదరును ఆనుకొన్న చిద్రి పాఠకులకైనా, ఇవతల జహీరాబాదు పల్లెలవారికైనా మేము చెప్పదలచినది ఒక్కటే. కారు తయారీ ఆగిపోయినంత మాత్రాన దాని బేరింగు తయారీ ఆగిపోదు. చాలా కార్లలో బేరింగు ఆ కారు సొత్తు కాదు. దానికి తనదైన నంబరు ఉంటుంది, ఆ నంబరుకు ప్రపంచమంతటా ఒకే కొలత.

స్పోర్ట్స్ కారు మన వాకిళ్లకు దూరపు మాట అనుకోవచ్చు. కాని మద్రాసులో స్టాండర్డ్ సంస్థ 1961 నుంచి తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్, ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డుకు భారతీయ రూపం. ఆ హెరాల్డు ఛాసిస్‌నే కురచ చేసి, దాని ముందు సస్పెన్షన్‌నే తీసుకొని ట్రయంఫ్ వారు 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తెచ్చారు. అది 1980 వరకు తయారైంది. కాబట్టి లండనులో స్పిట్‌ఫైర్ యజమాని ముందున్న ప్రశ్నా, మన పాకలో హెరాల్డు ఉన్నవారి ప్రశ్నా ఒకటే. అక్కడి ప్రత్యేక దుకాణాలు బేరింగు, సీలు, పిన్ను కలిపి పొట్లంగా అమ్ముతాయి. మనం తెప్పించుకొంటే రవాణా, సుంకం కలిసి సరుకు వెలను మించిపోవచ్చు.

కనుక ముందు హబ్బు విప్పించి, పాత బేరింగును కిరోసిన్‌తో కడిగి, అంచు మీద చెక్కిన అక్షరాలను భూతద్దంతో చదవాలి. మిల్లీమీటరు కొలతల బేరింగులలో చివరి రెండంకెలను అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం వ్యాసం వస్తుంది. ఉదాహరణకు 6205 అంటే రంధ్రం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. (ఈ లెక్క 04 నుంచి పైకే, 03 అంటే 17, 02 అంటే 15, 01 అంటే 12, 00 అంటే 10.) అదే 6305 అయితే రంధ్రం అదే 25, బయటి వ్యాసం మాత్రం 62. నంబరు తరువాత వచ్చే జడ్‌జడ్ అంటే రెండు వైపుల రేకు మూత, 2ఆర్ఎస్ అంటే రబ్బరు మూత, సీ3 అంటే లోపల మామూలు కన్నా ఎక్కువ సందు. ఈ తోకను వదిలేసి నంబరు మాత్రమే చెప్పడం మనవారు తరచు చేసే పొరపాటు.

పాత ఇంగ్లీషు కార్లతో వచ్చే అసలు చిక్కు అంగుళాల కొలత. వాటి ముందు చక్రాలలో టేపర్ రోలర్లుంటే నంబరు ఎల్ఎం, ఎల్ వంటి అక్షరాలతో మొదలు కావచ్చు. ఎల్ఎం11949 కోనుకు జోడీ ఎల్ఎం11910 కప్పు. దాని రంధ్రం 19.05 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. ఇది విధానం తెలియడానికి ఇచ్చిన ఉదాహరణే, మీ కారుకు ఇదే సరిపోతుందని కాదు. ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు. ఒక అంగుళం ఇరుసుకు 25 మిల్లీమీటర్ల బేరింగు ఎక్కదు. 25 మిల్లీమీటర్ల ఇరుసుకు అంగుళపు బేరింగు ఎక్కుతుంది గాని వదులుగా తిరిగి ఇరుసునే తినేస్తుంది. ఆ వదులుకు రేకు చుట్టడం, ఇరుసు మీద పంచితో గుంటలు కొట్టడం కొందరు మేస్త్రీలకు అలవాటు. ఎద్దుల బండికైతే ఏమోగాని, పిల్లలతో ప్రయాణించే కారుకు ఆ పని చేయనివ్వకండి. అక్షరాలు చెరిగిపోతే లేతు షాపులో వెర్నియర్‌తో మూడు కొలతలు తీయించి కాగితం మీద వ్రాసుకోండి.

కొనడానికి కారు సామాను దుకాణం కన్నా బేరింగుల దుకాణమే మేలు. మోటార్లకు, ట్రాక్టర్లకు, మిల్లులకు వాడే మిల్లీమీటరు నంబర్లు దగ్గర్లోనే దొరికే అవకాశం ఉంది. అంగుళాల జోడీకి మాత్రం సికింద్రాబాదు రాణిగంజు దాకా వెళ్లవలసి రావచ్చు. 1956 వరకు మనమంతా ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నవాళ్లం, ఆ బజారు దారి మన పెద్దలకు కొత్త కాదు. అక్కడా లేకుంటే బెంగుళూరు జేసీ రోడ్డు, చెన్నైలో జీపీ రోడ్డు ఉన్నాయి. చెన్నై పుదుపేటలో పాత సామాను దొరుకుతుంది. హబ్బు, నట్టు వంటివి అక్కడ చూడవచ్చు గాని, వాడిన బేరింగును ఎంత చవకకిచ్చినా కొనవద్దు. జైపూరులో 1946లో మొదలైన ఎన్‌బీసీ మొదలు ఎస్‌కేఎఫ్, టిమ్‌కెన్, ఎఫ్ఏజీ వరకు ఏ పేరున్న సంస్థదైనా సరే, నంబరు కలిస్తే చాలు. కోను, కప్పు రెండూ కొత్తవే, ఒకే పెట్టెలోవే కావాలి.

నకిలీ సరుకు ఈ వ్యాపారంలో పెద్ద బెడద. పెట్టె మీది నంబరు, రింగు మీది నంబరు ఒకటేనా, అక్షరాలు చెదిరి ఉన్నాయా చూసుకోండి. ఎస్‌కేఎఫ్ వారు అసలు నకిలీ తేల్చుకొనేందుకు మొబైల్ యాప్ కూడా ఇచ్చారు. బిల్లు లేకుండా ఇచ్చే తగ్గింపు తగ్గింపు కాదు.

అన్నిటికన్నా ముందు, లోపం బేరింగుదేనా? జాకీ ఎత్తి, కింద గట్టి దిమ్మె పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. ఆట కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట పోతే బేరింగు వదులు. పోకుంటే లోపం సస్పెన్షన్ కీళ్లలో ఉంది. హెరాల్డులో ముందు చక్రం కింది భాగాన ట్రనియన్ అనే కీలు ఉంటుంది. దానికి గ్రీజు కాదు, గేరు నూనె పోయాలి. నూనె లేక అది విరిగితే చక్రం పక్కకు వాలిపోతుంది, నింద బేరింగు మీద పడుతుంది.

బిగింపు దగ్గరే కొత్త బేరింగులు ఎక్కువగా పాడవుతాయి. కప్పును సుత్తితో నేరుగా కొట్టరాదు. పాత కప్పునే అడ్డుపెట్టి కొట్టాలి. గ్రీజును రోలర్ల మధ్యకు వేళ్లతో ఎక్కించాలి, హబ్బు ఖాళీని నిండా కూరరాదు. హెరాల్డు ముందు హబ్బులో రబ్బరు సీలుకు బదులు ఫెల్టు ముక్క ఉంటుంది. దాన్ని నూనెలో నానబెట్టి పెట్టాలి. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, రోలర్లు కూర్చున్నాక వెనక్కు వదిలి, కారు పుస్తకంలో చెప్పిన సన్నని ఆట ఉంచాలి. గట్టిగా బిగిస్తే భద్రమనుకోవడం భ్రమ, టేపర్ బేరింగు వేడెక్కి మాడిపోతుంది. స్ప్లిట్ పిన్ను ప్రతిసారీ కొత్తదే వేయాలి. వెనుక హబ్బులను మాత్రం ఇంటి దగ్గర ముట్టుకోవద్దు, వాటికి గట్టి పుల్లరు, ప్రెస్సు కావాలి.

పని అయిన తరువాత పది, పదిహేను కిలోమీటర్లు నడిపి, బ్రేకు ఎక్కువగా తొక్కకుండా బండి ఆపి, రెండు ముందు హబ్బులను జాగ్రత్తగా చేతితో తాకి చూడండి. రెండూ గోరువెచ్చగా ఉంటే మంచిదే. ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతూ ఉంటే అదే రోజు మేస్త్రీ వద్ద నట్టు వదులు చేయించండి.