తెలుగు సినిమా గోడపత్రికలు – అంతర్జాలపు వేలములందలి కూటప్రతులు

తెలుగు చలనచిత్రము చాలవరకు చెన్నపట్టణమున పెరిగి పెద్దయినది. రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ చిత్రమును తీసినది ఇచ్చటనే. వాహినీ, విజయా సంస్థలు వర్ధిల్లినది ఈ నగరపు వడపళని ప్రాంతముననే. ఆ చిత్రములతోపాటు వాని ప్రచారమునకై గోడపత్రికలును కుప్పలు తెప్పలుగా అచ్చయినవి. లోకవ్యవహారమున మనము పోస్టరు అని పిలుచు ఈ కాగితము ఒకనాడు మైదాజిగురుతో గోడకంటి, ఎండకు వెలిసి, వానకు నాని, తుదకు పశువుల నోటబడి నశించెడిది. అట్లు నశింపక మిగిలిన కొలది ప్రతులు నేడు కంప్యూటరు తెరమీద వేలమునకు వచ్చి వేల రూపాయలు పలుకుచున్నవి. వెల పెరిగినచోట వంచన చేరుట లోకసహజము. ఆ వంచన యెట్లు జరుగుచున్నదో, దానిని మనవారు గుర్తించు మార్గమేదో ఈ వ్యాసమున విచారింప యత్నించెదను.

కాగితము నిలిపిన చరిత్ర

గోడపత్రిక చారిత్రక లేఖ్యమా యని కొందరికి సందేహము కలుగవచ్చును. దానికి సమాధానముగా ఒక దృష్టాంతము చాలును. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. ఇది 1931 సెప్టెంబరు 15న విడుదలయినదని చిరకాలము గ్రంథములయందు వ్రాయుచు వచ్చిరి. తరువాత పరిశోధకులు నాటి ప్రకటనలను, సెన్సారు వివరములను వెదకి చూడగా, చిత్రమునకు 1932 జనవరి 22న అనుమతి లభించినదనియు, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయినదనియు తేలినది. ఆ చిత్రపు ప్రతి నేడు లభించుట లేదు. చిత్రము పోయినను దాని తేదీని నిలిపినది కాగితమే.

1964లో పూణెలో స్థాపింపబడిన జాతీయ చలనచిత్ర భాండాగారము చిత్రప్రతులతోపాటు గోడపత్రికలను, ఛాయాచిత్రములను, పాటల పుస్తకములను గూడ సేకరించి భద్రపరచుటకు కారణమిదియే. చిత్రము పేరు, నిర్మించిన సంస్థ, నటీనటులు, పంపిణీదారు, అచ్చువేసిన ముద్రణాలయము – ఇన్ని విషయములు ఒక్క కాగితమున దొరకును. మన శాసన పరిశోధకులకు కూటశాసనముల బెడద తెలియనిది కాదు. భూమిపై లేని హక్కును కల్పించుకొనుటకు పూర్వులు కొందరు దొంగ తామ్రపత్రములు చెక్కించిరి. నేటి కూటప్రతియు అట్టిదే. అది కొన్నవాని సొమ్మును హరించుటతో ఆగదు. రేపు దానిని చూచి వ్రాయు చరిత్రను గూడ చెరచును.

వేలము తెరమీది కెక్కిన విధము

అంతర్జాలమున వేలములకు ప్రసిద్ధిగాంచిన ఈబే సంస్థ 1995లో అమెరికాలో పుట్టినది. 2004లో అది మనదేశమందలి బాజీ సంస్థను కొని, ఇచ్చట వ్యాపారము సాగించినది; ఆ భారతదేశపు శాఖ 2018లో మూతపడినది. అప్పటికే పాత సినిమా కాగితములను తెరమీద చూచి కొను అలవాటు మనదేశమున పాదుకొన్నది. నేడు విదేశీ వేలశాలలు, స్వదేశీ అంగళ్లు, సామాజిక మాధ్యమములందలి సేకర్తల బృందములు – ఇన్ని చోట్ల ఈ క్రయవిక్రయములు జరుగుచున్నవి.

అమెరికాలో ఈ వేలంవెఱ్ఱి ఎంతవరకు పోయినదనగా, 1931 నాటి ‘డ్రాకులా’ చిత్రపు పోస్టరొకటి 2017లో 5,25,800 డాలర్లు పలికినది. వంచనయు ఆ స్థాయిలోనే జరిగినది. అచ్చటి వ్యాపారి యొకడు పాత భయానక చిత్రముల పోస్టరులకు నకళ్లు చేయించి, వానిని మూలప్రతులని నమ్మించి, 2006 మొదలు 2009 వరకు పది లక్షల డాలర్లకు మించిన సొమ్ము గుంజెను. తరువాత న్యాయస్థానమున నేరము నొప్పుకొనెను. మోసపోయినవారిలో ఏండ్ల తరబడి సేకరణ చేసిన అనుభవజ్ఞులును ఉండిరి. కన్నులార చూచినవారే భ్రమించిన వస్తువును, తెరమీద చిన్న బొమ్మను మాత్రమే చూచి కొనువారి గతి యేమగునో ఊహింపవచ్చును.

మా వీధిలో జరిగిన ఒక సంగతి

మా వీధిలో మూడు తరములుగా కాపురమున్న తెలుగు కుటుంబ మొకటి కలదు. తాతగారు యౌవనమున ఒక సినిమాహాలులో ఆపరేటరుగా పనిచేసినవారు. మనుమడు ఉద్యోగస్థుడు, ఇంట తెలుగు మాటలాడును గాని చదువనేరడు. తాతగారి సహస్రచంద్రదర్శన వేడుకకు, ఆయన స్వయముగా ఆడించిన 1950 దశాబ్దపు పౌరాణిక చిత్రము పోస్టరును కానుక చేయవలెనని ఆ యువకుడు తలచి, అంతర్జాలపు వేలమున 18,500 రూపాయలకు పాట పాడి దక్కించుకొనెను. దానిని అద్దమునకు ఎక్కించుటకు ముందు నాయొద్దకు తెచ్చి, “మాస్టారూ, అడుగున చిన్న అక్షరాలు ఏవో ఉన్నాయి. ఏమని ఉందో చదివి పెట్టండి” అని యడిగెను.

అడుగున ముద్రణాలయపు చిరునామా యున్నది. దాని చివర 600తో మొదలగు ఆరంకెల పిన్‌కోడు కలదు. మనదేశమున పిన్‌కోడు పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైనది. అంతకుముందు మద్రాసు–17, మద్రాసు–26 అని వ్రాయుటయే వాడుక. ఇరువదేండ్ల తరువాత పుట్టిన అంకె ఆ కాగితముమీదికి ముందుగా ఎట్లు వచ్చును? మరల చూడగా మడత గీతలు కంటికి కనబడుచున్నవి గాని వ్రేలికి తగులుట లేదు. ఏదో పాత ప్రతిని యంత్రముతో పటమెత్తి, దాని మడతలతో సహా క్రొత్త కాగితముపై అచ్చొత్తిరన్నమాట. విక్రేతకు వ్రాయగా, తిరిగి పంపు గడువు తీరినదని బదులు వచ్చినది. తాతగారు కాగితమును రెండు వ్రేళ్లతో తడిమి, “ఇది మా కాలపు కాగితం కాదురా” అని ఊరకుండిరి. పోయిన సొమ్ముకంటె ఆ మౌనమే ఆ పిల్లవానిని ఎక్కువ బాధించినది.

ఆ చిరునామా కొనుటకు ముందే తెరమీద పెద్దది చేసి చూచిన కనబడెడిదే. చూచినను అతడు చదువలేడు. నన్ను ఈ వ్యాసరచనకు పురికొల్పినది ఈ విషయమే.

అక్షరము చెప్పు సాక్ష్యము

శాసనకాలమును లిపినిబట్టి నిర్ణయించినట్లే, గోడపత్రిక కాలమును దానిపై నున్న మాటలనుబట్టి పరీక్షింపవచ్చును. అందు కొన్ని కొండగుర్తులు:

మొదటిది ఊళ్ల పేర్లు, రాష్ట్రముల పేర్లు. మద్రాసు నగరము అధికారికముగా చెన్నై యైనది 1996లో. మైసూరు రాష్ట్రము కర్ణాటకమైనది 1973లో. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న ఏర్పడినవి. 1951 నాటి ‘పాతాళభైరవి’, ‘మల్లీశ్వరి’ చిత్రముల తొలి విడుదల కాగితమని చెప్పబడు దానిపై ఆంధ్రప్రదేశ్ అను మాట యున్నచో, అది తొలి విడుదలది కానేరదు.

రెండవది నాణెములు. మనదేశమున దశాంశ నాణెములు 1957 ఏప్రిల్ 1న వాడుకలోనికి వచ్చినవి. అంతకుముందు నాటి పాటల పుస్తకముపై వెల పైసలలో నున్నచో అది తరువాతి ముద్రణము.

మూడవది అక్షరముల పోకడ. నాటి పోస్టరులపై చిత్రనామములను కళాకారులు చేతితో వ్రాసెడివారు. చేతివ్రాతలో రెండు ‘మ’కారములు అచ్చముగా ఒక్కతీరున నుండవు, తలకట్టు వంపులోనైనను, కొమ్ము సాగుటలోనైనను భేదముండును. చేతివ్రాత యని చెప్పబడు పేరులో ఒకే అక్షరము రెండుచోట్ల గీతకు గీత సరిపోయినచో కంప్యూటరు చేయి పడినదని శంకింపవలెను.

నాలుగవది భాష. 1953లో ‘దేవదాసు’, 1957లో ‘మాయాబజార్’ తెలుగు, తమిళ భాషలు రెండింటను వెలువడినవి. బొమ్మలో అదే నాయకుడు కనబడుటచేత లిపి యెరుగనివారికి ఒకదానిని చూపి వేరొకదానిని అంటగట్టుట సులభము.

రంగులను మాత్రము తొందరపడి శంకింపరాదు. 1963 నాటి ‘లవకుశ’కు ముందు మన చిత్రములు చాలవరకు నలుపు తెలుపులలోనివే యైనను, పోస్టరులను చిత్రకారులు రంగులలోనే వేసెడివారు. అయితే ‘మాయాబజార్’ 2010లో రంగులద్దుకొని మరల విడుదలయినది. ఆ రంగుల దృశ్యములు గల పోస్టరు 1957 నాటిది కాజాలదు.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. పై గుర్తులు దోషమును పట్టించును గాని నిర్దోషమును స్థాపింపజాలవు. నకలు చేయువాడు పాత అక్షరములను ఉన్నవి ఉన్నట్లుగా దించినచో అవియేవియు కనబడవు. అట్టిచోట కాగితమునే పరీక్షింపవలెను. పాత చౌకరకపు కాగితము కాలముచేత అంచులనుండి ముదురు గోధుమవన్నెకు తిరిగి పెళుసుబారును. తేయాకు డికాషనులో ముంచిన కాగితపు రంగు అంతటను ఒక్కతీరుగనో, మరకలుగనో యుండును. కాగితమునకు తళతళలాడు తెల్లదనము నిచ్చు రసాయనములు 1950 ప్రాంతమునుండి వాడుకకు వచ్చినవి. కావున 1930 దశాబ్దపు పోస్టరని చెప్పబడునది అతినీలలోహిత దీపముక్రింద నీలిగా మెరసినచో నమ్మరాదు. భూతద్దముతో చూచిన అచ్చుచుక్కల అమరికయు యంత్రభేదమును తెలుపును.

వేలములో పొంచియున్న తక్కిన అపాయములు

పోస్టరు నిజమైనదే యైనను కొనువానికి నష్టము కలుగు మార్గములు లేకపోలేదు. పాత చిత్రములు మన ఊళ్లలో పలుమారులు మరల విడుదలయ్యెడివి. ఆ విడుదలల పోస్టరులు కూటప్రతులు కావు. కాని వానిని తొలి విడుదలవని చెప్పి అమ్ముట మోసమే. అంచులు కత్తిరించుట, చిరుగులపై రంగు పూయుట, వెనుక గుడ్డ అతికించుట మొదలగు మరమ్మతులు దాచబడవచ్చును. గుడ్డ అతికించుట మంచి రక్షణోపాయమే. కాని దానిచేత కాగితపు వెనుకభాగము మరుగుపడును.

ఇక పాటలోని మాయ. విక్రేత మారుపేర్లతో తన సరకునకు తానే పాట పెంచుట, మిత్రులచేత పెంచించుట కలదు. ఊరి వేలములో దొంగపాట పాడువాని ముఖము చూచి పోల్చుకొందుము. ఇచ్చట ముఖమే కనబడదు. గడువు ముగియబోవు చివరి నిమిషములలో పౌరుషము పెరిగి, మనస్సులో ననుకొన్న వెలకు రెట్టింపు పాడువారు పెక్కురు. వేలశాలలు పాటధరపై వేరుగా రుసుము చేర్చును. 10,000 రూపాయల పాటకు నూటికి 20 వంతున రుసుము చేరిన 12,000 అగును. ఆపై రవాణా, సుంకములు.

విదేశములందలి మనవారు గమనింపవలసిన విషయము వేరొకటి కలదు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము 75 ఏండ్లు నిండిన, చారిత్రక సాహిత్య కళాత్మక విలువగల లేఖ్యములను గూడ పురావస్తువులలో చేర్చినది. అంత పాత కాగితమును దేశము దాటించుటకు ముందు అధికారులను విచారించుట క్షేమము.

కర్తవ్యము

కొనుటకు ముందు ముందువైపు, వెనుకవైపు, అడుగుపంక్తి స్పష్టముగా కనబడు పటములు అడుగవలెను. కొలతలను అంగుళములలో వ్రాయించుకొనవలెను. ‘పాతకాలపు తీరు’ అను మాటకు ‘పాతది’ అని అర్థము కాదని యెరుగవలెను. కాగితము ఎవరియింటినుండి వచ్చినదో అడుగవలెను. తిరిగి పుచ్చుకొను షరతును ముందే చదివి, సరకు వచ్చిననాడే పరీక్షింపవలెను. వేలసంస్థను విడిచి నేరుగా సొమ్ము పంపుమను విక్రేతను నమ్మరాదు. మనదేశపు సంస్థలయెడ వినియోగదారుల రక్షణచట్టము (2019), దాని ననుసరించిన 2020 నాటి ఇ–కామర్స్ నియమములు కొంత ఆసరా నిచ్చును. వినియోగదారుల ఫిర్యాదులకు 1915, సైబరు మోసములకు 1930 అను ఫోను సంఖ్యలు కలవు.

కాని అన్నింటికంటె పెద్ద రక్ష చదువు. బెంగుళూరున, బరంపురమున, పూణెలో, చెన్నపట్టణమున మన పిల్లలు ఆయా ప్రాంతముల లిపులను చక్కగా చదువుచున్నారు, అది సంతోషింపదగినదే. ఇంటి భాష నోట నిలిచి, కంటికి మాత్రము దూరమగుచున్నది. తాతల జ్ఞాపకములను వెల పెట్టి కొనుచున్న పిల్లలు, ఆ జ్ఞాపకములమీద నున్న అక్షరములను చదువుటకు పరులను ఆశ్రయింపవలసి వచ్చుచున్నది. మోసగానికి ఇంతకంటె అనుకూలమైన కాలమేది?

ఆ యువకుడు ఇప్పుడు ఆదివారములందు మా యింటికి వచ్చి గుణింతములు దిద్దుచున్నాడు. ఆ నకలును పారవేయవలదని నేనే చెప్పితిని. దాని వెనుకవైపున, అది ఎన్నడు, ఎంతకు కొనబడినదో, ఏ గుర్తునుబట్టి నకలని తేలినదో, తన చేతితో తెలుగున వ్రాసి యుంచినాడు. మన యిండ్లలో పాత పెట్టెల యడుగున ఇట్టి కాగితములు, నిజమైనవి, ఇంకను కొన్ని యుండవచ్చును. వానిని తూకమునకు వేయుటకు ముందు ఒక్కమారు విప్పి, పిల్లలచేత చదివింపుడని నా మనవి.