లొల్ల లాకులు, గండిపేట చెరువు

నగరాల నివాసయోగ్యతను తేల్చే కొలమానాలు ఎన్ని ఉన్నా, గోదావరి పాయ గౌతమీ తీరంలోని వాడపల్లి వంటి ఊళ్ల నుంచి వలసవెళ్లినవారికి మొదటి కొలత నీరే కావడం సహజం. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల బొబ్బర్లంక వద్ద మొదలయ్యే కాలువ, లొల్ల లాకుల వద్ద, అంటే తలుపులెత్తి దించి నీటిమట్టాన్ని అదుపుచేసే కట్టడాల వద్ద, పాయలుగా చీలి కోనసీమ చేలకూ కొబ్బరితోటలకూ చేరుతుంది. 1986 నాటి గోదావరి వరదను తలచుకుంటే ఈ సౌఖ్యమూ గట్ల దయే.

ఇక వలసనగరాల సంగతికొస్తే, ఈ సీమకు 1953 దాకా రాజధాని మద్రాసు, 1956 తరువాత చాలాకాలం హైదరాబాదు. వాననీటి చెరువులనే నమ్ముకున్న మద్రాసు 1983 ఒప్పందంతో తెలుగుగంగ ద్వారా కృష్ణాజలాలను ఆశ్రయించినా, 2019లో ఆ చెరువులు అడుగంటాయి. హైదరాబాదులో 1908 మూసీ వరద తరువాత, ఇంజనీరు విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా, వరదను ఆపడానికీ తాగునీటికీ కలిపి 1920లో ఉస్మాన్‌సాగర్ (జనం నోట గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్ వెలిశాయి. ఈ ముందుచూపులో హైదరాబాదుదే పైచేయి అనక తప్పదు. కానీ నగర విస్తరణ ఆ జలాశయాల మిగులును మింగేయగా మంజీరా, కృష్ణా జలాలూ చాలక, 2015లో ఎల్లంపల్లి జలాశయం నుంచి గోదావరినే గొట్టాల్లో తెచ్చుకోవలసివచ్చింది.