జాతకం లేని కారు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కారు కట్టి చూడు అనడం మాత్రం మరిచిపోయారు. పాపం, వాళ్ళు మా తమ్ముణ్ణి ఎరగరు!

ఇంగ్లండులో ఉంటున్న మా తమ్ముడు పాత బళ్ళ విడిభాగాలు ఏరి తెచ్చి, మూడేళ్ళు షెడ్డులో కూర్చుని, 1930ల నాటి కారుకి అచ్చు నకలు తయారుచేశాడు. పొడుగాటి ముక్కూ, గుండ్రటి దీపాలూ. నేను వెళ్ళేసరికి పెళ్ళికూతురిలా ముస్తాబై కూర్చుంది. ఇక రోడ్డెక్కాలంటే నంబరు కావాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

"అక్కా, తుక్కయిపోయిన పాత కారు కాగితాలు ఒకాయన అమ్ముతానంటున్నాడు. ఆ నంబరు తగిలిస్తే ఇదీ ఆ కాలం కారే అయిపోతుంది" అన్నాడు మెల్లిగా.

వంటింట్లోంచి మా మరదలు అందుకుంది. "రోల్డుగోల్డు గొలుసు వేసుకుంటే తప్పేముంది వదినా? బంగారమని చెప్పి తాకట్టు పెడితేనే తప్పు."

ఇంతకీ ఈ నంబర్ల గొడవ ఎప్పుడు మొదలయిందో చూద్దామనిపించింది నాకు.

మొదట్లో కార్లకి నంబర్లే లేవుట. 1888 ఆగస్టు 1న జర్మనీలోని బాడెన్ ప్రభుత్వం వారు కార్ల్ బెంజ్‌కి బండి నడుపుకోవచ్చని కాగితం రాసిచ్చారు. కాగితం ఆయన పేరున ఉంటేనేం, ఆ నెలలోనే దూరప్రయాణం చేసింది ఆయన భార్య బెర్తా! భర్తతో చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి నూరు కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళింది. దారిలో ఇంధనం మందుల షాపులో కొన్నది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. ఆవిణ్ణి నంబరేదని అడిగినవాడు లేడు.

కార్లు పెరిగాయి. గుద్దేసి దుమ్ములో మాయమయ్యేవాళ్ళూ పెరిగారు. బండికి యజమాని పేరు, చిరునామా, నంబరు ఉన్న రేకు తగిలించాలని 1893లో పారిస్ పోలీసులు ఉత్తర్వు ఇచ్చారు. బ్రిటన్ 1903లో చట్టం చేసి, 1904 జనవరి 1 నుంచి అమలుపెట్టింది. లండన్‌లో 'ఏ 1' నంబరు కోసం రస్సెల్ ప్రభువు ఆఫీసు ముందు రాత్రంతా పడిగాపులు కాశాడని చెప్పుకుంటారు. తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్‌కి అన్నగారాయన! మన దేశానికి మోటారు బళ్ళ చట్టం 1914లో వచ్చింది.

దొంగని పట్టుకోవడానికి పుట్టిన నంబరు రానురాను బండికి జాతకమై కూర్చుంది. ఏ ఏట పుట్టింది, ఎవరెవరి చేతులు మారింది, అంతా అందులోనే. పాతదనానికి విలువ వచ్చాక, పోయినవాడి జాతకం ఉన్నవాడికి అంటగట్టేవాళ్ళు బయల్దేరారు.

అందుకే బ్రిటన్‌లో, పాత భాగాలు కలిపి కట్టి, వయసు తేల్చలేని బండికి 'క్యూ' అక్షరంతో మొదలయ్యే నంబరిస్తారు. 1983 నుంచీ ఉందీ ఏర్పాటు. మన ప్రభుత్వం కూడా 2021లో యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు పెట్టింది. కాకపోతే బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి. నకలుకి ఆ గౌరవం లేదు.

మా మరదలి మాటే నెగ్గింది. తమ్ముడు ఉన్నదున్నట్టు రాసి దరఖాస్తు పెట్టాడు. బ్రేకులు, దీపాలు, బెల్టులు అన్నీ పరీక్షించారు. ఒక అంచు పదునుగా ఉందని ఓసారి వెనక్కి కూడా పంపారు. చివరికి 'క్యూ' నంబరు వచ్చింది. రెండు రోజులు మొహం ముడుచుకుని తిరిగాడు.

మూడోరోజు నన్నెక్కించుకుని బజారుకి తీసుకెళ్ళాడు. కారు ఆపగానే ఒక ముసలాయన వచ్చి, చుట్టూ తిరిగి చూసి, "ఇది ఏ ఏటి బండి?" అన్నాడు.

మావాడు ఒక్క క్షణం తటపటాయించాడు. "పాతది కాదండీ. నేనే కట్టాను" అన్నాడు.

ముసలాయన కళ్ళు పెద్దవి చేశాడు. "నువ్వే కట్టావా!" అంటూ మళ్ళీ మొదటినుంచీ చూడడం మొదలెట్టాడు. ఆ అరగంటా నేను తెచ్చుకున్న కూరగాయలు ఎండలో వాడిపోయాయి గానీ, మా తమ్ముడి మొహం మాత్రం వికసించింది.