ఎం. బి. శ్రీనివాసన్

ఎం. బి. శ్రీనివాసన్ (1925 సెప్టెంబరు 19 - 1988 మార్చి 9) దక్షిణ భారత సినీ సంగీత దర్శకుడు, బృందగాన స్వరకర్త. పూర్తి పేరు మానామదురై బాలకృష్ణన్ శ్రీనివాసన్. ఎం.బి.ఎస్. అన్న పొడి అక్షరాలతో ప్రసిద్ధుడు. మద్రాస్ యూత్ క్వయర్ వ్యవస్థాపకుడు. భారతీయ భాషల గీతాలను పలు స్వరశ్రేణులలో కూర్చి, బృందం చేత పాడించడంలో ఈయన అగ్రగణ్యుడు.

బాల్యం, రాజకీయ జీవితం

శ్రీనివాసన్ రాయలసీమలోని చిత్తూరులో ఒక తమిళ కుటుంబంలో జన్మించాడు. మద్రాసులోని ప్రెసిడెన్సీ కళాశాలలో చదివాడు. విద్యార్థి దశలోనే కమ్యూనిస్టు ఉద్యమం వైపు ఆకర్షితుడయ్యాడు. కొంతకాలం ఢిల్లీలో కమ్యూనిస్టు నాయకుడు ఎ. కె. గోపాలన్‌కు సహాయకుడిగా పనిచేశాడు. స్వాతంత్ర్య సమరయోధుడు సైఫుద్దీన్ కిచ్లూ కుమార్తె జహీదాను వివాహమాడాడు.

సినిమా సంగీతం

నిమాయ్ ఘోష్ దర్శకత్వంలో 1960లో వచ్చిన "పాదై తెరియుదు పార్" అనే తమిళ చిత్రానికి శ్రీనివాసన్ సంగీతం సమకూర్చాడు. కార్మిక జీవితం ఇతివృత్తంగా గల ఈ చిత్రంలో తెలుగు గాయకులు పి. బి. శ్రీనివాస్, ఎస్. జానకి పాడిన యుగళగీతం నేటికీ ప్రసిద్ధం. మలయాళంలో "కాల్పాడుగళ్" చిత్రం కోసం 1961 నవంబరులో కె. జె. ఏసుదాసు చేత తొలి సినిమా పాట పాడించిన ఘనత ఈయనదే. అడూర్ గోపాలకృష్ణన్ తీసిన "స్వయంవరం" (1972), "ఎలిప్పత్తాయం" (1981), "ముఖాముఖం" (1984), "అనంతరం" (1987) చిత్రాలకు సంగీతం అందించాడు. కవి ఒ. ఎన్. వి. కురుప్ రచనలకు ఈయన కట్టిన బాణీలలో "ఉళ్కడల్" (1979), "యవనిక" (1982) చిత్రాల పాటలు పేరుపొందాయి.

మద్రాసులో సినీ వాద్య కళాకారులను సంఘటితపరచి, వారి సంఘ నిర్మాణంలో ప్రముఖ పాత్ర వహించాడు.

బృందగానం

1970వ దశకం ఆరంభంలో శ్రీనివాసన్ మద్రాస్ యూత్ క్వయర్‌ను నెలకొల్పాడు. సుబ్రహ్మణ్య భారతి గీతాలతో పాటు వివిధ భారతీయ భాషల పాటలను ఈ బృందం ఆలపించింది.

భారతీయ సంగీతంలో రాగానిదే ప్రాధాన్యం. సాధారణంగా భజనలోనైనా, కోలాటంలోనైనా అందరూ ఒకే వరుసను పాడతారు. పాశ్చాత్య బృందగానంలో సొప్రానో, ఆల్టో అనే రెండు స్త్రీ గాత్రాలు, టెనర్, బాస్ అనే రెండు పురుష గాత్రాలు ఏకకాలంలో వేర్వేరు స్వరాలను పలుకుతాయి. ఈ పద్ధతిని మన పాటలకు అన్వయించడంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, జత స్వరాలలో రాగానికి చెందని అన్య స్వరం చేరితే రాగస్వరూపం చెదురుతుంది. రెండవది, గమకాన్ని అనేకులు కలసి పాడితే స్పష్టత లోపిస్తుంది. కనుక బృందానికి కూర్చే పాటలో గమకం తగ్గి, తిన్నని స్వరాలు ఎక్కువ కావలసి వస్తుంది. అయినా పాట మన నేలదిగానే వినిపించాలి. ఈ రెండింటినీ సమన్వయపరచడమే శ్రీనివాసన్ కృషిలోని ప్రత్యేకత.

సంగీతం కొద్దిమంది విద్వాంసులకే పరిమితం కారాదనీ, సామాన్యులు కూడా కలసి పాడగలరనీ ఆయన విశ్వాసం. భాషా, మత భేదాలు మరచి ఒకరి గొంతును మరొకరు వింటూ పాడడం ఐక్యతకు సాధనమని భావించి, విద్యార్థులకు శిక్షణ ఇచ్చాడు.

మరణం

1988 మార్చి 9న లక్షద్వీప్‌లో గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 62 సంవత్సరాలు. ఆయన మరణానంతరం కూడా మద్రాస్ యూత్ క్వయర్ ప్రదర్శనలు కొనసాగించింది. తిరువనంతపురంలో ఆయన పేరిట ఎం.బి.ఎస్. యూత్ క్వయర్ ఏర్పడింది.