మీట రైఫిలు – మితమైన మందు

తుపాకి యనగానే మనకు ముందుగా స్ఫురించునది దాని ధాటి. ఎంత దూరము కొట్టును, ఎంత లోతు దూసికొనిపోవును అని అడుగుదుము. నేడు నేను చెప్పబూనిన కథ అందుకు విపరీతమైనది. అమెరికా దేశమున గత శతాబ్దికి ముందటి శతాబ్దిలో, మీట త్రిప్పి తూటాను ఎక్కించు రైఫిళ్లు గలవారు తమ తుపాకుల ధాటిని బుద్ధిపూర్వకముగా తగ్గించుకొనిరి. తక్కువ మందు, తేలిక గుండు, చిన్న చప్పుడు వారు కోరినవి. అభ్యాసమునకు అంతకంటె అక్కరలేదు. ఐతే కొంతకాలమునకు ఆ తక్కువమందు తూటాయే నిండుమందు తూటాకంటె భయంకరమైనది. ఆ మార్పు ఎట్లు వచ్చినదో విన్నవించెదను. పాళ్లు చెప్పి తూటాలు చేయించుట నా ఉద్దేశము కాదు. మన దేశమున 1959వ సంవత్సరపు ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు లేక అట్టి పని చేయుట నేరము.

తూటా యన నాలుగు వస్తువుల కూడిక. ఇత్తడి డొల్ల యొకటి, దాని అడుగున దెబ్బ తగిలిన నిప్పు పుట్టించు చిన్న టోపీ, లోపల మందు, మూతికడ సీసపు గుండు. మందు కాలిపోవును, గుండు ఎగిరిపోవును, టోపీ చితికిపోవును. డొల్ల మాత్రము మిగులును. ఆ నాలుగింటిలో వెల యెక్కువైనదియు అదియే. ఇక మందు మాట. పాతకాలపు మందు సురేకారము, గంధకము, బొగ్గు కలిపి నూరినది. దానిని ఇంగ్లీషువారు నల్లని మందందురు. ఆ మాటను ఉన్నదున్నట్లు తెలిగించినచో మన శ్రోతలకు అభిని తోచును గనుక, నేను పాతమందు అనియే వ్యవహరించెదను.

1860వ సంవత్సరమున బెంజమిన్ టైలర్ హెన్రీ అను పనివాడు న్యూహేవెన్ పట్టణమున మీట రైఫిలునకు పేటెంటు పొందెను. అది పదునారు తూటాలను కడుపున దాచుకొనెడిది. అమెరికా అంతర్యుద్ధ మారంభమైన 1861లోనే లామో డ్యుపాంటు అను మందు వర్తకుడు ఇంగ్లండునకు పోయి, భారతదేశపు సురేకారమును పెద్దమొత్తమున కొనవలసి వచ్చెను. ఆనాడు ఆ దేశపు తుపాకుల ఉసురు మన నేల ఉప్పు మీద ఆధారపడి యుండెనన్నమాట. హెన్రీ రైఫిలున కొక లోపము కలదు. దాని తూటాలో నిప్పుపుట్టించు పదార్థము అడుగు అంచులోనే చుట్టును ఉండెడిది. ఒకసారి కాల్చిన పిమ్మట అంచు నొక్కుకొనిపోవును. ఆ డొల్ల మరల పనికిరాదు.

1873లో వించెస్టరు కంపెనీవారు తెచ్చిన రైఫిలుతో స్థితి మారెను. దాని తూటాకు టోపీ నట్టనడుమ అమర్చిరి. చితికిన టోపీని పొడిచి తీసి, క్రొత్తది పెట్టవచ్చును. 40 గ్రెయినుల పాతమందు, 200 గ్రెయినుల గుండు దాని నిండు కొలత. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న నా పూర్వశిష్యు డొకడు ఇట్టి పాత రైఫిలును కొని, “మాస్టారూ, గ్రెయినంటే మన లెక్కలో ఎంత?” అని అడిగెను. గ్రెయి ననగా పేరునకు యవగింజ. మనవారును యవతోనే తూకమును ప్రారంభించి, మూడు యవలొక గురివింద యని మనుస్మృతిలో వ్రాసికొనిరి. ఇంగ్లీషువారు మన తులమును 180 గ్రెయినులుగా స్థిరపరచిరి. తులమునకు 96 గురివిందలు గనుక గురివింద యొకటి రెండు గ్రెయినులకు కొంచెము తక్కువ. కాబట్టి ఆ తూటాలోని మందు సుమారు ఇరువదియొక్క గురివిందల యెత్తు. గుండు తులము దాటినది. కంసాలి త్రాసున తూచదగిన వ్యవహార మిది! ఈ సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొందురుగాక.

రైఫిలుతోపాటు డొల్లలను మరల నింపుకొను పనిముట్టును గూడ ఆ కంపెనీవారే 1870ల దశకమునుండి అమ్మిరి. 1884లో న్యూహేవెనులోనే జాన్ బార్లో అను నాతడు ఐడియల్ అను పేర వేరొక కర్మాగారమును స్థాపించెను. ఆతని పనిముట్టు చూచుటకు మన అడకత్తెరవలె నుండును. రెండు పిడులు పట్టి నొక్కిన గుండు డొల్లలో దిగును. గుండ్లు పోయు అచ్చులు కూడ దొరికెడివి. అంగడికి రెండు మూడు దినముల ప్రయాణదూరమున నున్న కాపునకు ఇది యెంత యుపకారమో వేరుగ చెప్పనక్కరలేదు. వంటపొయ్యి మీద సీసము కరగించి, రాత్రివేళ దీపమువద్ద కూర్చుండి, మరునాటికి కావలసిన తూటాలు ఆతడే చేసికొనెడివాడు.

మందు తగ్గించుట ఎందులకు? చేయి తిరుగవలెనన్న అనేక పర్యాయములు కాల్చవలెను. నిండుమందుతో అన్నిసార్లు కాల్చిన భుజము నొచ్చును, ధనము వ్యయమగును. అభ్యాసము లేనివాని గతి యేమో 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నదియొద్ద తేటపడెను. ఆ దినమున కస్టరు దండులోని వారికి ఒక్కొక్కటిగా తూటా పెట్టి కాల్చు తుపాకు లుండెను. గురి సాధన బహు కొంచెము. ఎదిరించిన సూ, షయాన్ వీరులలో పలువురి చేత హెన్రీ, వించెస్టరు మీట రైఫిళ్లు ఉండెను. 1983లో ఆ బయలున గడ్డి తగులబడిన తరువాత, 1984 మొదలుకొని శాస్త్రజ్ఞులు త్రవ్వి చూడగా ఆ రైఫిళ్ల డొల్లలే దొరికినవి. నూరేండ్లు మట్టిలో నుండియు ఆ ఇత్తడి సాక్ష్యము చెప్పినది. చరిత్ర పాఠము చెప్పినవాడను గనుక, కాగితపు సాక్ష్యముకంటె ఇట్టి సాక్ష్యము నందు నాకు మక్కువ మెండు. ఆ యోటమి పిమ్మట అమెరికా సైన్యమున గురి అభ్యాసము పెరిగెను. దండులకు డొల్లలు నింపు పనిముట్లిచ్చిరి. చలికాలమున ఇంటిలోపల కాల్చుటకై కొద్దిమందుతో చిన్న సీసపు గోళీ పెట్టిన తూటాలు వాడిరి.

ఇంతవరకు పాతమందు కాలము. దాని యందొక సుగుణమున్నది. డొల్ల నిండ పోసినను అది నిండు కొలతయే. అంతకుమించి పోయ చోటులేదు. పొరపడువాని చేతిని డొల్లయే పట్టుకొనును. తగ్గింపదలచినవాడు మిగిలిన ఖాళీని అట్టబిళ్లతోనో పిండితోనో నింపెడివాడు, ఏలయన పాతమందునకు గుండునకు నడుమ ఖాళీ విడుచుట గొట్టమునకు చేటు.

1884లో ఫ్రాన్సు దేశమున పోల్ వ్యేయ్ అను రసాయనవేత్త పొగలేని మందును కనిపెట్టెను. అమెరికాలో 1895 నాటికి వించెస్టరువారు 1894 నమూనా మీట రైఫిలునకు ముప్పది–ముప్పది యను పొగలేని తూటాను అమ్మిరి. ఆ రైఫిలు గొట్టమును నికెలు కలిసిన ఉక్కుతో చేయవలసివచ్చెను. క్రొత్తమందు అదే తూకమునకు పాతదానికి సుమారు మూడింతల బలము కలది. దీనితో మెత్తని తూటా చేయవలెనన్న డొల్ల అడుగున చిటికెడు మాత్రమే పడును. ఆపదంతయు ఇక్కడనే. పరధ్యానమున ఒకే డొల్లలో రెండుమార్లు పోసినను అది నిండదు. గుండు సాఫీగా దిగును. చూచుటకు తక్కిన తూటాలకును దీనికిని భేదము లేదు. కాల్చువాని చెంప ఆ ఇనుపపెట్టె ప్రక్కనే యుండును. 1873 నాటి యంత్రములో తూటా వెనుక తలుపును పట్టియుంచునది మోచేతివలె మడతపడు రెండు తునుకలు. పాతమందునకు చాలిన బలమే దానిది. 1903లో వించెస్టరువారే అదే కొలత తూటాలో వేగము హెచ్చించినది అమ్మి, 1873 రైఫిలునందు వాడరాదని హెచ్చరించిరి.

మరీ తక్కువైనను చిక్కే. గుండు గొట్టము మధ్యనే నిలిచిపోవచ్చును. తెలియక రెండవది కాల్చిన గొట్టము ఉబ్బును, లేదా చీలును. గుండు పొట్టిదైన మరియొక అవస్థ. ఈ రైఫిలులో తూటాను పైకెత్తు పెట్టె సరిగా ఒక తూటా పొడవున కొలిచి చేసినది. పొట్టి తూటా వచ్చిన, వెనుకదాని తల ఆ సందున దూరి యంత్రమును బిగించివేయును. ఇవిగాక టోపీలోని పాదరసము ఇత్తడిని తినివేసెడిది. పాతమందు మసి దానిని కొంత పలుచన చేయుచుండెను; పొగలేని మందునకు మసి లేదు గనుక డొల్లలు పెళుసెక్కి పగిలినవి. పందొమ్మిదవ శతాబ్ది చివరను అమెరికా సైన్యమువారు పాదరసము లేని టోపీలకు మారిరి. శుభ్రమైన వస్తువు కీడు తెచ్చుట ఎంత వింత!

పూర్వము చెంచాతో కొలిచినవారు త్రాసు కొనవలసిన కాలము ఆ విధముగా వచ్చెను. 1926లో మాటర్న్, 1937లో ఫిలిప్ షార్ప్ ఈ విద్యపై పెద్ద గ్రంథములు వెలయించిరి. అప్పటికి 1873 నమూనా తయారీ నిలిచిపోయినది. 1923 వరకు ఏడు లక్షలకు పైగా అమ్ముడైనవి.

అంతటితో అది మ్యూజియములకు చేరవలసినది. చేరలేదు. 1980ల దశకమున కాలిఫోర్నియాలో పాతకాలపు వేషములతో, పాత నమూనా తుపాకులతో గురిపందెములు మొదలైనవి. ఇటలీవారు 1873 రైఫిలును మరల చేసి అమ్ముచున్నారు. ఆ పందెములలో సీసపు గుండే వాడవలెను, వేగము ఒక హద్దు దాటరాదు. మెత్తని తూటాకు మరల గిరాకి కలిగెను, దానితో పాత భయమును మరల లేచెను. అందుకు మందు తయారుచేయువారు చేసిన యుపాయము నాకు మిక్కిలి నచ్చినది. ప్రస్తుత శతాబ్ది మొదటి దశకమున ట్రెయిల్ బాస్ అను పొగలేని మందును ఆస్ట్రేలియాలో చేసి అమెరికాలో అమ్మిరి. దాని పలుకు లొక్కొక్కటి నడుమ చిల్లుతో, గురివిందకంటె చిన్న గారెవలె నుండును. ఆ చిల్లుల వలన కొద్ది యెత్తు మందే డొల్లలో చాల చోటు ఆక్రమించును. రెండవమారు పోసినచో పొర్లి బల్లమీద పడును.