ఇచ్చినవాళ్ళ పేరు

మా కోయిలకుంట్ల వైపు వంటపాత్రల్ని బోకులు అంటారు. కాస్త పాతకాలపు ఇంట్లో ఏ బోకు తిరగేసి చూసినా అంచు కింద ఒక పేరు ఉంటుంది. సన్న ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు. ఓబులమ్మ, మద్దిలేటి, మహానందయ్య. చుట్టూ ఉన్న అహోబిలం, మద్దిలేటి స్వామి, మహానంది క్షేత్రాలు మావాళ్ళకిచ్చిన పేర్లివి. అయితే ఆ పేరు చాలాసార్లు ఆ బోకులో వండుకు తిన్నవాళ్ళది కాదు. ఇచ్చినవాళ్ళది.

ఇప్పుడు పెళ్ళికీ పుట్టినరోజుకీ గాజు గ్లాసు మీద, సీసా మీద పేరు చెక్కి ఇస్తున్నారు. సామాన్లు తెప్పించుకుని ఇంట్లోనే చేసేవాళ్ళూ ఉన్నారు. చాలా అందంగా ఉంటాయి. వాటిమీద ఉండేది మాత్రం తీసుకునేవాళ్ళ పేరు. ఇచ్చినవాళ్ళ పేరు పైన చుట్టిన రంగుకాగితం మీద ఉంటుంది, కాగితంతో పాటే చెత్తబుట్టలోకి పోతుంది.

పేరు చెక్కడమంటే మన దగ్గర చాలాకాలం దాత పేరు చెక్కడమే. అమరావతి స్తూపానికి రాళ్ళిచ్చినవాళ్ళలో గృహిణులున్నారు, భిక్షుణులున్నారు. విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి ఇచ్చిన రాతి మీద పూర్ణఘటం చెక్కి ఉంది. పేరు పక్కన కుండ! మా బోకులకు అంతకంటే పాత చుట్టం దొరకదు. తర్వాత మా రేనాడు. క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుల కలమళ్ళ శాసనాన్ని తెలుగులో దొరికిన తొలి శాసనంగా చెబుతారు. ఆ తరువాతి శతాబ్దాల దానశాసనాల్లో ఎవరిచ్చారు, ఏమిచ్చారు అని చెప్పి, దీన్ని చెరిపినవాడికి కాశీలో గోవును చంపిన పాపం తగులుతుందని శాపం కూడా పెట్టేవాళ్ళు. బోకుల మీద శాపం రాసే చోటు లేదు గానీ, మా జేజి గొంతు వింటే ఆ లోటు తెలిసేది కాదు.

ఇచ్చినవాళ్ళ పేరుకి అంత పట్టింపు ఎందుకో ‘చదివింపులు’ అన్న మాటే చెబుతుంది. పెళ్ళిలో కానుక ఇస్తే చాలదు, ఫలానావాళ్ళు ఫలానాది ఇచ్చారని పదిమందిలో చదవాలి, పుస్తకంలో రాయాలి. రేపు వాళ్ళింట్లో కార్యమైతే ఆ పుస్తకం తీసి చూసుకుని అంతకు తగ్గకుండా పెట్టాలి. ఎంత ముద్దుగా చెప్పుకున్నా ఇది అప్పే. అయితే ఆ పుస్తకంలో రాసింది ఎక్కువగా ఇంటి పెద్ద పేరు, అంటే మగవాడి పేరు. బోకు మీద కొట్టించింది ఆడవాళ్ళ పేరు. మా ఇంట్లో అమ్మలక్కలు కూతురికి పెట్టినవి, చెల్లెలికి పెట్టినవి అన్నీ అంతే. పొలం కాగితాల్లో, బడి రిజిస్టర్లలో ఎక్కడా లేని మా ముత్తవ్వ పేరు ఒక ఇత్తడి గంగాళం మీద ఉండింది.

పేరుకి ఇంకో పని కూడా ఉండేది. ఊళ్ళో పెళ్ళికి పది ఇళ్ళ బోకులు పోగయ్యేవి. ఎవరివి వాళ్ళకు తిరిగి చేరాలంటే గుర్తు కావాలి కదా.

స్టీలు వచ్చి ఈ లెక్కంతా తారుమారు చేసింది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ తుప్పు పట్టని ఉక్కును తయారుచేశాడు. అది మా ఊరి అంగళ్ళకు వచ్చేసరికి, తళతళలాడే కొత్తవాటి కోసం ఇత్తడి, రాగి తూకానికి వేశారు. మా గంగాళం కూడా అట్లే పోయింది. పాత సామాన్లవాడు బరువు చూస్తాడు గానీ పేరు చదవడు. స్టీలు మీదా పేర్లు వేయించారు, ఉలికి బదులు గుర్రుమనే కరెంటు పెన్నుతో.

తీసుకునేవాళ్ళ పేరు చెక్కే అలవాటు మనకు పతకాలు, కప్పులు, షీల్డులతో వచ్చిందని నా అనుమానం. మా పక్కనే ఉన్న ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టాడు. దొరల ప్రభుత్వం ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. అంత పెట్టిన మనిషి కూడా అక్కడ చెయ్యి చాచి పుచ్చుకునేవాడే అయ్యాడు.

గాజు సంగతి వేరు. దానిమీద ఉలి పెడితే పగులుతుంది. 1771లో స్వీడన్ రసాయనవేత్త షీలే ఒక గాజుపాత్రలో ఫ్లోర్‌స్పార్ ఖనిజాన్ని గంధకామ్లంతో కలిపి వేడి చేస్తే, వచ్చిన ఆమ్లం ఆ పాత్రనే తినేసింది. గాజును కొరికే ఆ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తర్వాత కార్ఖానాలకెక్కింది. 1870లో అమెరికాలో టిల్గ్‌మన్ ఇసుకను విసురుగా చిమ్మి గాజును గరుకు చేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఇంట్లో వాడే క్రీముల్లో మామూలుగా ఉండేది అమ్మోనియం బైఫ్లోరైడు లాంటి ఫ్లోరైడు లవణం. అక్షరాలు కత్తిరించిన స్టిక్కర్ అంటించి, ఖాళీల్లో క్రీము పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఉంచి కడిగేస్తే పేరు తెల్లగా తేలుతుంది. ‘ఇంట్లోనే సులువుగా’ అంటారు గానీ, ఫ్లోరైడు చర్మంలోకి దిగి లోపలి కాల్షియాన్ని పట్టుకుంటుంది, నొప్పి ఒక్కోసారి గంటల తర్వాత గానీ తెలియదు. చేతికి తొడుగులు, కళ్ళద్దాలు, తెరిచిన కిటికీ లేకుండా ఆ డబ్బా మూత తీయొద్దు. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. నేనైతే వజ్రపు మొన ఉన్న చిన్న మిషనుతో, గాజుపొడి ఎగరకుండా తడి చేసుకుంటూ, ముక్కుకు మాస్కు కట్టుకుని చెక్కుతాను. ఆలస్యమవుతుంది, గీత వణుకుతుంది, అయినా ఉలి చుక్కలకు అదే దగ్గర.

పోయిన ఏడాది మా చిన్నాయన కూతురి పెళ్ళికి ఆరు గాజు గ్లాసులు చేశాను. పక్కన ఆ పిల్ల పేరు. అడుగున బయటివైపు మా జేజి పేరు తిరగేసి చెక్కాను, పైనుంచి చూస్తే సరిగ్గా కనబడేటట్టు. నీళ్ళు తాగేశాక ఆ పిల్ల లోపలికి చూసి అడిగింది, “ఈ గ్లాసులు జేజి పెట్టినట్టా, నువ్వు పెట్టినట్టా? పుస్తకంలో ఎవరి పేరు రాయాల?”