కోయని గడ్డి

పట్నంలో ఏ తోటకు పోయినా 'గడ్డి తొక్కరాదు' అన్న పలక కనిపిస్తుంది. తివాచీలాంటి ఈ పచ్చిక మోజు ఇంగ్లీషువారి నుంచి వచ్చింది.

కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ 1772లో నది ఒడ్డున పచ్చిక వేయించింది. అప్పట్లో కొడవళ్ళతో కోసేవారు. 1830లో బడింగ్ అనే ఆయన గడ్డికోత యంత్రం కనిపెట్టాక ఈ మోజు ఇంటింటికీ పాకింది. మరోవైపు ఇంగ్లండు, వేల్సులలో 1930ల నుంచి 1984 నాటికి పూలగడ్డి బీళ్ళు నూటికి 97 పాళ్ళు పోయాయి.

చివరికి ఆ కాలేజీయే 2019లో పచ్చికలో కొంతభాగం తీసి స్థానిక పూలమొక్కల విత్తనాలు చల్లించింది. మిగిలిన పచ్చికకంటే అక్కడ మొక్కలు, సాలీళ్ళు, పురుగుల జాతులు మూడు రెట్లున్నాయని 2023లో పరిశోధకులు తేల్చారు.

మనమో, కసువు పెరిగిన బీడును కాగితాల్లో 'పనికిరాని నేల' అని రాసుకుంటాం. అది పశువుల మేత, కంజుల గూడు అన్నది పెద్దలకు తెలుసు.

ఈ వానకాలం మా బడి ఆవరణలో ఒక మూల గడ్డి కోయించలేదు. "పాములొస్తాయి సారూ!" అన్నారు తల్లులు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే పిల్లలు ఆడేచోటు, నడిచే దారి శుభ్రం చేయించి, కంచె అవతల మాత్రం వదిలాం. కార్తీకంలో అక్కడ ఏమేమి పూసిందో పిల్లలే లెక్కపెడతారు.